బీరయ్య కుట్టిన పదిహేడో పేజీ

గౌలిగూడలో బస్సు దిగి నాంపల్లి స్టేషనుకు నడుస్తున్నాను. వాడి జంక్షను వైపు పోయే బండి పదకొండు గంటలకు. వైశాఖమాసం. పొద్దున తొమ్మిది కాకముందే ఆబిడ్స్ సిమెంటు రోడ్డు సెగలు కక్కుతోంది. మూల తిరుగుతుంటే వెనకనుంచి విసవిసా వచ్చి నన్ను దాటబోయిన మనిషి ఒకడు, నా చంకలోని పుస్తకం చూసి అడుగు తగ్గించాడు.

"నడుం ఇరిగింది," అన్నాడు.

"ఎవరిది?"

"మీదెందుకు ఇరుగుతది పంతులూ, మీరు గట్టిగనే ఉన్నరు. బుక్కుది. సన్న దారంతోని కుట్టి సరేసు జిగురు దండిగ పూసిండు. ఎండకు పలిగింది. ఎవడో పనిరానోడు కుట్టిండు."

నిజమే. మూడేళ్లుగా ఆ పుస్తకాన్ని మోస్తున్నాను. మధ్యలోంచి రెండు ముక్కలై, ఒక్కో ఊళ్లో ఒక్కో కాగితం రాలుస్తోంది. అడక్కుండానే నా చంకలోంచి తీసుకుని వెన్ను నిమిరి చూశాడు. ముప్పై అయిదేళ్లుంటాయి. పొట్టి మనిషి. వేళ్ల చివర్లన్నీ జిగురు పట్టి నున్నగా మెరుస్తున్నాయి. అతని చంకలో తువాలలో చుట్టిన ఇంకో పుస్తకం ఉంది.

"బాగు చేస్త. కని ఇప్పుడు గాదు. ఓ ఇంట్ల ఆమె నిన్న పొద్దటి సంది నీళ్లు గూడ ముడుతలేదు. పాలుతాగే పిల్ల ఉంది. నా వల్లనే అయింది. ముందుగాల గాడికి పోవాలె."

'నా వల్లనే' అన్న మాట చెవిన పడకపోతే నేను బండి అందుకునేవాణ్ణే. పడింది. అతని వెంట నడిచాను. ఇది పందొమ్మిదివందల యాభైమూడు సంగతి.

పేరు బీరయ్య. ఊరు భువనగిరి పక్కన. తాతల నాటినుంచి గొర్రెల మంద. నలభైఎనిమిది నాటి గొడవల్లో మంద పోయింది. ఎవరు తోలుకుపోయారని అడిగితే రెండు పక్షాలవాళ్లనూ సమానంగా తిట్టాడు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు భార్య పూలమ్మను వెంటబెట్టుకుని పట్నం వచ్చాడు. నాంపల్లి దర్గా సందులో కరీముద్దీన్ అనే ముసలి జిల్దుసాజు, అంటే పుస్తకాలు కుట్టే ఉస్తాదు, పనిలో పెట్టుకున్నాడు. గొర్రెలు తప్పిపోకుండా చూసినవాడు కాగితాలూ తప్పిపోకుండా చూస్తాడని ఆయన లెక్క.

పుస్తకం కుట్టడం గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. పదహారు పేజీలు ఒకే పెద్ద కాగితం మీద అచ్చవుతాయి. దాన్ని మడిస్తే ఒక ఫారం. దాని మొదటి పేజీ అడుగున చిన్న అంకె ఉంటుంది. ఒకటి కింద రెండు, రెండు కింద మూడు పేర్చి కుట్టుకుపోవడమే. చదవనక్కరలేదు. ఉస్తాదుకు ఉర్దూ తప్ప రాదు. బీరయ్యకు అప్పట్లో అంకెలు తప్ప ఏమీ రావు. ఆ రోజుల్లో నాంపల్లిలో భక్తులు కళ్లకద్దుకున్న పురాణాల్లో చాలావాటిని కుట్టింది తెలుగు చదవలేని ఈ ఇద్దరే. ఏ దేవుడి కాగితానికీ కాలు తగలనివ్వకపోవడం మాత్రం ఉస్తాదు పెట్టిన నియమం. తగిలితే చెంప పగిలేది.

తర్వాత బీరయ్య పాడైపోయిన కాగితాలు ఇంటికి పట్టుకుపోయి అక్షరాలు నేర్చుకున్నాడు. రెండేళ్లు పట్టింది. చదువు వచ్చాక ప్రశ్నలూ వచ్చాయి. శనివారాలు స్టేషను అవతలి గల్లీలో శ్రీపతిగారనే బడిపంతులు అరుగు మీద పురాణం చదువుతుంటే కింది మెట్టు మీద కూర్చుని వినేవాడు. ఒకనాడు పాలసముద్రం ఘట్టంలో లేచి నిలబడ్డాడట.

"ఎండకాలం పాలు ఇరుగయా అయ్యా?"

గొర్రెల కాపరి అడగవలసిన ప్రశ్నే. అరుగంతా నవ్వింది. శ్రీపతిగారు మాత్రం పుస్తకం మూసేశారు. "పురాణానికి తల ఊపాలె గని నోరు తెరువొద్దు," అన్నారు. ఆనాటినుంచి బీరయ్యకు ఆ గల్లీలో 'పాలసముద్రం' అని పేరు.

"గా శ్రీపతి అయ్య కోడలే, సౌభాగ్యమ్మ," అన్నాడు బీరయ్య స్టేషను రోడ్డు దాటుతూ. "ఇద్దరు పిల్లలు పుట్టి పోయిన్రు. ఈ పిల్లకు ఐదు నెలలు. పిల్ల బతకాలని నోము పట్టిచ్చిన్రు. మా పూలమ్మ గా ఇంట్ల బాసండ్లు తోముతది. పొద్దున వచ్చి చెప్పింది, మూడొద్దులు నీళ్లు ముట్టొద్దని బుక్కుల ఉందట అని. గా బుక్కు నేను కుట్టిందే. ఈ బుక్కు పట్టుకొని ఉరికిన."

తువాల విప్పి తన చేతిలోని పుస్తకం చూపించాడు. ప్రాయశ్చిత్తాల పుస్తకం. దాన్నీ నోము పుస్తకాన్నీ ఒకే ఛాపఖానా అచ్చువేసింది. ఒకే సైజు. పని నేర్చుకునే రోజుల్లో ఒకనాడు పగటి రొట్టె తిని వచ్చి, రెండో ఫారం కుప్పలు రెండూ పక్కపక్కన ఉంటే, ఒక్క జతలో దీనిది దానిలోకీ దానిది దీనిలోకీ కుట్టేశాడు.

"నిరుడు చదువుతుంటే ఇది దొరికింది పంతులూ. చదివి పడిపడి నవ్విన. ఉస్తాదుకు చెప్పి నవ్విచ్చిన. కని దీనిది గీడ లేకుంటే గాడ ఏ బుక్కుల వడ్డదో అని అడుగలే. పాలసముద్రాన్ని అడిగినోన్ని, నా కుట్టును నేను అడుగలే." ఎండలో ఆగకుండా నడుస్తూనే ఉన్నాడు. "నవ్వి ఊకున్న."

శ్రీపతిగారి గురించి చెడ్డగా రాయలేను. పాతిక సంవత్సరాలు బడిలో ఉర్దూలో లెక్కలు చెప్పిన మనిషి. తెలుగు అక్షరం అచ్చులో కనిపిస్తే కళ్లు చెమర్చేవట. మంచిరోజులొచ్చాయని, నాయనమ్మ చేతిరాత నోముల పుస్తకాన్ని సొంత ఖర్చుతో అచ్చువేయించి ఊరికే పంచారు. చేతిరాత ప్రతి ఛాపఖానాలోనే పోయింది. కుట్టి వచ్చిన మొదటి కాపీని దేవుడి ముందు పెట్టుకున్నారు. విధివశాన ఫారం మారింది ఆ కాపీలోనే.

మేం వెళ్లేసరికి అరుగు మీద శనివారపు సభ నడుస్తోంది. బట్టల వ్యాపారి వెంకటేశం గోడకు చేరగిలబడి విసురుకుంటున్నాడు. మూలన వినేవాళ్ల కోసం పెట్టిన నీళ్ల కూజా. లోపలనుంచి బిడ్డ ఏడుపు బొంగురుగా వినిపిస్తోంది.

"దండాలయ్యా. నోము బుక్కు ఒకపారి ఇయ్యాలె. దాంట్ల తప్పుంది."

వెంకటేశం నవ్వాడు. "ఏందిరా, పాలసముద్రం ఇరిగిందా?"

"ఇరిగింది సేటూ. నా చేతిలనే ఇరిగింది."

శ్రీపతిగారు కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "శాస్త్రంల తప్పు పట్టేటంత పెద్దోడివైనవారా?"

"శాస్త్రంల గాదయ్యా, నా కుట్టుల. పదహారో పేజీ దాక మీదే. పదిహేడు సంది మీది గాదు."

ఆయన లోపలికి వెళ్లి పుస్తకం తెచ్చి, తన ఒళ్లో పెట్టుకుని పైకి చదివారు. "వ్రతము చేయు స్త్రీ మొదటి దినమున తలస్నానమాడి, మడివస్త్రము ధరించి, పిమ్మట..." చూపు పక్క పేజీకి జరిపారు. "...జలమునైనను ముట్టక మూడు దినములు నేలపై శయనింపవలెను. ఎక్కడుందిరా అతుకు? సాఫీగ నడుస్తున్నది కద!"

నిజంగానే సాఫీగా నడిచింది. నాకే భయం వేసింది.

బీరయ్య తన పుస్తకం నా చేతిలో పెట్టాడు. "పంతులూ, మీరు చదువుండ్రి. నేను చదివితే కల్పిచ్చిన అంటరు."

చదివాను. "గోహత్య చేసినవాడు తల గొరిగించుకొని, నదిలో మునిగి, ఇల్లు చేరి..." పక్క పేజీకి వచ్చాను. "...సాయంకాలమున పాయసము త్రాగి, ఐదుగురు ముత్తైదువలకు పసుపు కుంకుమలిచ్చి, బిడ్డను ఒడిలో ఉంచుకొని కథ వినవలెను."

ఒక్క క్షణం తర్వాత అరుగు ఘొల్లుమంది. "ఆవును చంపినోనికి పాయసమా! పేరంటం గూడనా!" అని వెంకటేశం పొట్ట పట్టుకున్నాడు.

బీరయ్య నవ్వలేదు. "గా పాయసం లోపలున్న అమ్మది సేటూ. అమ్మ తాగనీకి రాసింది ఆవును చంపినోనికి వోయింది. వాని శిక్ష ఈ అమ్మ పడుతున్నది."

నవ్వులు ఆగిపోయాయి. బిడ్డ ఏడుపు ఒక్కటే మిగిలింది.

శ్రీపతిగారి ముఖం పాలిపోయింది. ఇక ఒప్పుకుంటారనుకున్నాను. లేదు. పుస్తకాన్ని ఇంకా గట్టిగా పట్టుకున్నారు.

"మూడేండ్లాయె ఇది దేవుని ముందర పూజలుంది. ఇన్ని బుక్కులుండంగ ఈ ఫారం మా ఇంటికే ఎందుకొచ్చింది? అది నీ చెయ్యి గాదు. మీదికెల్లి వచ్చిన ఆజ్ఞ. సంకల్పం చెప్పుకున్నంక నడుమల విడిస్తే బిడ్డకు కీడు. ఇద్దర్ని నా చేతుల మీద సాగదోలిన. ఇంకొక్కటిన్నర రోజు. ఎట్లనో అట్ల కానీయాలె."

మొండితనం కాదది. భయం. రెండు చిన్న గుంతలు తవ్వించిన మనిషి భయం. అయినా ఊరుకోలేకపోయాను.

"అయ్యా, కాశీలో ఒక పండితుణ్ణి చూశాను," అన్నాను. "తాళపత్రం ముందేసుకుని, ఈ శ్లోకం ఇక్కడిది కాదు, ఎవరో తర్వాత చేర్చారు అని పక్కన గీత పెట్టేవాడు. మూడు పూటలా సంధ్య వార్చే మనిషి. గీత పెట్టినందుకు ఆయన కళ్లేమీ పోలేదు. ప్రక్షిప్తం అన్న మాట మన పెద్దలు పుట్టించిందే కదా."

"అది పండితులు తేల్చాలె. జిల్దు కుట్టేటోడు గాదు."

"కుట్టింది నేనైతే తేల్చేది ఇంకెవరయ్యా?" బీరయ్య గొంతు పెరిగింది. "మీదికెల్లి ఆజ్ఞ రాలే. జొన్నరొట్టె తిన్న, నిదురొచ్చింది, కుప్పలు తారుమారు చేసిన. నా నిద్రమత్తును దేవునికి అంటగట్టకుండ్రి!"

అంటూనే అరుగెక్కాడు. అన్నేళ్లలో కింది మెట్టు దాటని మనిషి. శ్రీపతిగారి చేతుల్లోంచి పుస్తకం లాగి, నడుముకున్న చాకు తీసి వెన్నులో దారం పుటుక్కున కోశాడు.

"పుస్తకం మీద కత్తా!" వెంకటేశం లేచి అతని అంగీ పట్టుకున్నాడు. గుండీలు తెగాయి. బీరయ్య చేయి ఆగలేదు. రెండో ఫారం ఊడదీసి పక్కన పెట్టాడు.

అప్పుడు గడపలోకి శ్రీపతిగారి భార్య అహల్యమ్మ వచ్చింది. "ఆని అంగి ఇడువు వెంకటేశం," అంది. తర్వాత భర్తవైపు తిరిగింది. "మా అత్తమ్మ ఈ నోము పట్టినప్పుడు నేను ఈ ఇంట్లనే ఉన్న. మాపటికి పాయసం తాగింది. నాకు గూడ గిన్నెల పోసింది."

"మరి మొన్ననే ఎందుకు చెప్పకపోతివి?"

"చెప్పవోతే, బుక్కుల ఉన్నదా అన్నరు. నేను బుక్కునా?"

ఆమె వెనక సౌభాగ్య నిలబడి ఉంది. బిడ్డ భుజం మీద వేలాడుతోంది. పెదవులు పగిలి ఉన్నాయి. గోడ పట్టుకుని, మగవాళ్లందరి మధ్యనుంచి అరుగు మీదికి నడిచి వచ్చింది.

"నేనేమన్న ఆవును చంపిన్నా మామయ్యా?"

ఆమె మూలన ఉన్న కూజా వంచి లోటా నింపుకుని, నిలబడే తాగింది. మళ్లీ నింపుకుంది. మూడోసారి అహల్యమ్మ వంచింది. ముగ్గురూ లోపలికి పోయారు.

శ్రీపతిగారు ఆపలేదు. ఆపలేకపోయినందుకు కోపం ఎక్కడో ఒకచోట పడాలి కదా.

"దేవుని ముందరి పుస్తకాన్ని కోసినవు. సాష్టాంగపడి తప్పయిందను. లేకుంటే ఈ గల్లీకెల్లి మీ ఉస్తాదు దుకాణానికి ఒక్క కాగితం రాదు. నేను రానియ్య."

ఆ బెదిరింపు ఉత్తది కాదని ఆ గల్లీలో అందరికీ తెలుసు. బీరయ్యకు ఇంకా బాగా తెలుసు.

"తప్పు కుట్టిన, వచ్చి నా నోటితోని చెప్పిన. నవ్వి ఊకున్నందుకు గా అమ్మకు మొక్కుత." లోపలి గడపవైపు వంగి నిజంగానే మొక్కాడు. "కోసినందుకు మాత్రం మొక్కనయ్యా. మల్ల గట్లనే కనవడితే మల్ల కోస్త."

మెట్టు మీద కూర్చున్నాడు. జేబులోంచి సూది, దారం ఉండ తీశాడు. తన పుస్తకాన్నీ కోసి, ఫారాలు మార్చి, రెంటినీ కుట్టడం మొదలుపెట్టాడు. పొమ్మని ఎవరూ అనలేకపోయారు. మైనం పూసిన దారం కాగితంలోంచి జారే సన్నని చప్పుడు వింటూ అందరమూ అలా ఉండిపోయాం. లోపల బిడ్డ ఏడుపు కొంచెం కొంచెంగా తగ్గి ఆగిపోయింది. శ్రీపతిగారు తల తిప్పి గడపవైపు చూశారు. చాలాసేపు అటే చూశారు.

ముడి వేసి దారం పంటితో కొరికాడు బీరయ్య. నోము పుస్తకాన్ని పదిహేడో పేజీ దగ్గర తెరిచి అరుగు అంచున పెట్టాడు. గాలికి మూసుకోకుండా దాని మీద చిన్న రాయి ఒకటి ఉంచాడు. రెండో పుస్తకం తువాలలో చుట్టుకుని, తెగిన గుండీల అంగీ దగ్గరికి లాక్కుని లేచాడు.

స్టేషన్లో నా బండి కూత వేసింది. పోతున్నానని చెబుతాడేమో, నా పుస్తకం ఎప్పుడిస్తాడో అయినా చెబుతాడేమో అని నేనూ లేచాను. అతను మెట్లు దిగి, బాగు చేస్తానని తీసుకున్న నా నడుం విరిగిన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, ఎవరి వైపూ చూడకుండా, ఆ ఎండలో దర్గా సందువైపు విసవిసా నడిచి వెళ్లిపోయాడు.