బొగ్గుకు కాలం చెల్లిందన్నారు

మా బాపు బొగ్గు గనిలో పనిచేసేవాడు. గోదావరిఖనిలో గనిని బాయి అంటారు. కమాన్‌పూర్ దగ్గరి పల్లెలో మాకున్న చెలకలో వరసగా పంటలు ఎండిపోతే, గనులు తెరిచిన కొత్తలోనే వచ్చి టబ్బుల్లో బొగ్గు నింపే పనికి కుదిరాడు. అక్షరం రాదు. చదువుకున్నవాళ్ల మాట మీద మాత్రం విపరీతమైన గురి. డాక్టరు చెప్పినా, పంతులు చెప్పినా, హోటల్లో రేడియో చెప్పినా ఇంటికొచ్చి అమ్మను కూర్చోబెట్టి మళ్లీ చెప్పేవాడు.

అరవైల చివర్లో కార్మికుల క్లబ్బుకు ఢిల్లీ నుంచి ఒక ఆర్థికవేత్త వచ్చాడు. స్వాగత గీతం పాడటానికి మా బడి ఆడపిల్లల్ని తీసుకుపోయారు. పాట అయ్యాక మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెట్టారు. ఆయన ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, మంథని నుంచి వచ్చిన మా హెడ్మాస్టరు తెలుగులో చెప్పాడు. వచ్చే ముప్పై ఏళ్లలో లోకం ఎలా ఉంటుందన్నది ఆనాటి ఉపన్యాసం. రైళ్లన్నీ డీజిల్‌తో నడుస్తాయట. ఇంటింటికీ గ్యాసు పొయ్యి వస్తుందట. చమురు అగ్గువకు దొరుకుతుందట. బొగ్గుకు కాలం చెల్లిందని, విదేశాల్లో గనులు మూసేస్తున్నారని, ఇక్కడా ఎంతో కాలం పట్టదని ఆయన చెప్పాడు. మీ పిల్లలకు వేరే పని నేర్పండి అన్నాడు. పెళ్లి కబురు చెప్పినంత సంతోషంగా చెప్పాడు. అందరం చప్పట్లు కొట్టాం. వెనక నిలబడ్డ బాపు కూడా కొట్టాడు.

ఆ నెలలోనే బాయిల్లో కొత్తవాళ్లను తీసుకుంటున్నారు. అన్నకు పద్దెనిమిది నిండాయి. బాపు పనిచేసే చోట కూలీల మీద పెద్దగా ఉన్న సర్దారు అన్నను పెట్టిస్తానని మాటిచ్చాడు. ఆ సాయంత్రం వాకిట్లో పొయ్యి రాజేసి అమ్మ పొగలో కళ్లు తుడుచుకుంటూ ఉంది. బాపు అన్నను పిలిచాడు.

"రేపు నువ్వు ఆఫీసుకు పోవుడు లేదు బిడ్డా."

"ఎందుకే? సర్దారు కాక మాటిచ్చిండు గదా."

"నీకు నలభై ఏండ్లచ్చేసరికి బాయిలన్ని మూస్తరట. అప్పుడేం జేస్తవ్? మంచిర్యాలకు పోయి ఆయిలింజిన్ల పని నేర్చుకో."

"నా సోపతిగాళ్లందరు చేరుతున్నరు బాపు."

"చేతికచ్చిన నౌకరీ ఎవరన్న ఇడుస్తరా?" అంది అమ్మ.

"నీకు దెల్వది. ఆయన లోకమంత తిరిగి సూసినోడు," అన్నాడు బాపు.

అన్న మంచిర్యాలలో మెకానిక్కు దగ్గర చేరాడు. ఇష్టం లేకుండా చేరినా పని బాగానే పట్టుబడింది. చుట్టుపక్కల ఊళ్లలో బావుల మీదున్న ఇంజిన్లు బాగుచేయడానికి సైకిల్ మీద తిరిగేవాడు. నాలుగైదేళ్లు బాపు గర్వంగా చెప్పుకున్నాడు. తర్వాత ఎక్కడో అరబ్బు దేశాల్లో యుద్ధం వచ్చి చమురు ధర మండిపోయింది. డీజిల్ కోసం రైతులు డబ్బాలు పట్టుకుని బారులు తీరారు. కరెంటు వచ్చినవాళ్లు మోటార్లు పెట్టుకున్నారు, రానివాళ్లు ఇంజిన్లకు గోనెసంచులు కప్పేశారు. మెకానిక్కు దుకాణం ఎత్తేశాడు. అన్న పానాల సంచితో ప్యాసింజరు రైల్లో ఇంటికొచ్చాడు.

అప్పటికి ఖనిలో కొత్త బాయిలు తెరుస్తున్నారు. అన్న సోపతిగాళ్లకు క్వార్టర్లు వచ్చాయి, పెళ్లిళ్లయ్యాయి. సర్దారు నౌకరీ నుంచి దిగిపోయి వాళ్ల ఊరికి వెళ్లిపోయాడు. ఆఫీసు గేటు ముందు ఎక్కడెక్కడి జనమో నిలబడుతున్నారు. అన్న కూడా ఆ గుంపులో నిలబడి నిలబడి, చివరికి ఒక కాంట్రాక్టరు కింద వ్యాగన్లలోకి బొగ్గు ఎత్తే కూలీగా కుదిరాడు. మోసేది అదే బొగ్గు. కంపెనీ నౌకరీ మాత్రం కాదు.

నేను డిగ్రీలో ఆర్థికశాస్త్రం తీసుకున్నాను. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, అదే ఆర్థికవేత్త అదే క్లబ్బుకు మళ్లీ వస్తున్నాడని తెలిసింది. బాపు, అన్న, నేను ముగ్గురం వెళ్లాం. ఆయన జుట్టు నెరిసింది గాని ఉత్సాహం తగ్గలేదు. ముప్పై ఏళ్లలో చమురు అడుగంటుతుందట. బొగ్గు రెండు వందల ఏళ్లు ఏలుతుందట. మీరు అదృష్టవంతులు అన్నాడు. ప్రశ్నలుంటే అడగమనగానే అన్న లేచాడు.

"సారు, గిదే క్లబ్బుల మీరు బొగ్గు పని అయిపోయిందన్నరు. మా బాపు ఇన్నడు. నన్ను బాయిల చేరనియ్యలే. గిప్పుడు నేనేం జెయ్యాలె?"

ఈసారీ ఆయన మాటలు తెలుగులో చెబుతున్న హెడ్మాస్టరు, ఈ యువకుడు భవిష్యత్తు గురించి సలహా అడుగుతున్నాడని ఇంగ్లీషులో చెప్పాడు. కాలంతో పాటు మారడం నేర్చుకోవాలని ఆయన జవాబిచ్చాడు. జనం చప్పట్లు కొట్టారు. నాకు ఒళ్లు మండింది. లేచి, వచ్చీరాని ఇంగ్లీషులో, మా అన్న అడిగింది అది కాదని చెప్పి, అడిగిందంతా ఆయనకు వినిపించాను.

ఆయన కోప్పడలేదు. "పరిస్థితులు మారితే అంచనాలూ మారతాయమ్మా. మేము చెప్పేది దేశాల గురించి. ఒక్క ఇంటి గురించి కాదు," అని నెమ్మదిగా చెప్పి, చేతి గడియారం చూసుకుని టీకి లేచాడు. ఆయన చెప్పిన మాట నిజమే. అందుకే మరింత చేదుగా తగిలింది. దేశాల గురించి చెప్పేదైతే, పిల్లలకు వేరే పని నేర్పమని మా బాపుకు ఎందుకు చెప్పాలి?

నడిచి వస్తుంటే ఆయన జవాబు తెలుగులో చెప్పాను. బాపు, "ఆయనను అనుడెందుకు. నమ్మింది నేను," అన్నాడు.

"నువ్వు నమ్మినవ్. పోయింది నా బతుకు," అన్నాడు అన్న.

ఆ తర్వాత ఇద్దరూ ఒకే ఇంట్లో ఉండి మాటలు మానేశారు. ఏ మాటైనా అమ్మే అటూ ఇటూ మోసేది. బాపుకు దగ్గు ముదిరింది. తను ముందే నౌకరీ నుంచి దిగిపోయి, కొడుకును తన జాగాలో పెట్టించాలని ఆఫీసు చుట్టూ, యూనియన్ వాళ్ల చుట్టూ తిరిగాడు. వాళ్లు సరేనన్న రోజు మిఠాయి పొట్లం తెచ్చి అమ్మతో కబురు చెప్పించాడు.

"ఆయన నౌకరీ నాకద్దని చెప్పు," అన్నాడు అన్న.

ఎంత బతిమాలినా వినలేదు. నేనూ చెప్పి చూశాను. బాపు మళ్లీ లాంపు పట్టుకుని షిఫ్టుకు పోయాడు. దగ్గుతూనే మరికొన్నేళ్లు బాయిలోకి దిగాడు, నౌకరీలో ఉండగానే దవాఖానలో పోయాడు. అన్న గోదావరి ఒడ్డున అన్నీ చేశాడు. కన్నీరు మాత్రం పెట్టలేదు.

డెబ్బైలు ముగిసే వేళకు నాకు కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పే ఉద్యోగం వచ్చింది. మొదట అన్నకే చెప్పాను. అన్నం తినడం ఆపి నా వైపు చూశాడు.

"నువ్వు గూడ ముందుముందు ఏమైతదో చెప్తవా చెల్లే?"

"లేదన్నా. పుస్తకంల ఉన్నదే చెప్త."

"గదే చెప్పు," అన్నాడు. చెయ్యి కడుక్కుని తువ్వాల తలకు చుట్టుకుని పనికి వెళ్లిపోయాడు.