చుట్టని బీడీల లెక్క

నాకు ఎక్కాలు బడిలో రాలేదు, బీడీ కట్టల మీద వచ్చాయి. కట్టకు ఇరవై అయిదు. నాలుగు కట్టలు వంద, నలభై కట్టలు వెయ్యి. ఆరో తరగతి మధ్యలో బడి మానేసేనాటికి నాకు తడుముకోకుండా వచ్చిన ఎక్కం ఇరవై అయిదోది ఒక్కటే. మిగిలినవన్నీ దాన్ని అటూ ఇటూ జరుపుకుంటూ నేర్చుకున్నాను. ఇప్పటికీ పదిహేడు ఇరవైమూళ్ళు ఎంత అని ఎవరైనా అడిగితే, ముందు పదిహేడు కట్టలు అనుకుంటాను. నాలుగు వందల ఇరవై అయిదు. అందులోంచి ముప్పై నాలుగు తీసేస్తాను.

మా అమ్మగారిల్లు తంగళ్ళపల్లి. నాన్న సిరిసిల్లలో మరమగ్గాలు నడిపేవాడు, అమ్మా నేనూ బీడీలు చుట్టేవాళ్ళం. పెళ్ళయి కోరుట్ల వచ్చాను. రెండో ఏడే నా భర్త దుబాయి వెళ్ళాడు. ఇంట్లో నేనూ అత్తమ్మా, ఆ తర్వాత పుట్టిన మా కూతురూ మిగిలాం.

బీడీ కార్ఖానాలో కార్డు ఉంటేనే ఆకూ తంబాకూ ఇస్తారు. పీఎఫ్ కూడా కార్డు మీదే జమ అవుతుంది. నేను కాపురానికి వచ్చేసరికి కొత్త కార్డులు ఇవ్వడం ఆపేశారు. అందుకని అత్తమ్మ కార్డు మీద నేను చుట్టాను. ఆమె ఆకు కత్తిరించి ఇచ్చేది. మా వాడకట్టులో సగం ఇళ్ళలో ఇదే పద్ధతి: కార్డు అత్తది, చేతులు కోడలివి. పద్నాలుగేళ్ళు అట్లా గడిచాక నాకు సొంత కార్డు వచ్చింది. ఆ పద్నాలుగేళ్ళు ఎవరి ఖాతాలోకి పోయాయని అప్పట్లో ఎవరమూ ఆలోచించలేదు.

మా కూతురికి ఇప్పుడు ఇరవై ఏళ్ళు. జగిత్యాలలో నర్సింగు చదువుతోంది. రోజూ బస్సులోనే పోయి వస్తుంది, ఆడవాళ్ళకు టికెట్ లేదు కదా. అత్తమ్మ చుట్టడం మానేసి రెండేళ్ళయినా పీఎఫ్ డబ్బు రాలేదు. కార్డులో పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి. వయసులో ఆరేళ్ళ తేడా. మా పిల్లే ఫోను పట్టుకుని, మీసేవ చుట్టూ తిరిగి, రెండు నెలల్లో దాన్ని సరిచేసింది. లక్షా పద్దెనిమిది వేలు పడ్డాయి.

సరిగ్గా అప్పుడే ఫీజు కట్టమని కాలేజీ నుంచి కబురొచ్చింది. నలభై రెండు వేలు, నెలాఖరులోపు కట్టకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. దుబాయిలో నా భర్తకు మూడు నెలల జీతం ఆగి ఉంది. మహిళా సంఘంలో తీసుకున్న అప్పు ఇంకా తీరలేదు.

అన్నం తింటూ అత్తమ్మ మనవరాలితో అంది. "నా పైసలు పడ్డయి గదా. నీ ఫీజు నేను గడ్త. మీ అమ్మను ఇంకో అప్పుకు పోవద్దను."

పిల్ల ఫోన్లోంచి తల ఎత్తలేదు. "నీ పైసలేంది బాపమ్మా? నేను కాయితాలన్నీ సూసిన. అండ్ల పద్నాలుగేండ్లు అమ్మ సుట్టినవే. నీది పేరు, గంతే. అమ్మ పైసలు నాకు అమ్మ ఇస్తది. నడుమ నువ్విచ్చుడేంది?"

కోపంతో అనలేదు. ఫారంలో తప్పు దిద్దినట్టు అంది. అత్తమ్మ చేతిలోని ముద్దను కంచంలో పెట్టేసింది. "గట్లనా" అని లేచి చెయ్యి కడుక్కుంది.

రెండు రోజులు ఆమె మాతో కూర్చుని తినలేదు. మూడోనాడు నా ఒళ్ళో ఉన్న చాటలో, ఆకు మీద, బ్యాంకు పుస్తకం తెచ్చి పెట్టింది. "నీదేనట, ఉంచుకో. నేను దొంగను గాదు."

"అది చిన్నపిల్ల అత్తమ్మా."

"చిన్నపిల్లేంది? మంది పానాలు సూసే సదువు సదువుతున్నది."

అబద్ధం ఎందుకు, కూతురు అన్న మాట నేనూ లోపల చాలాసార్లు అనుకున్నదే. కాబట్టి లెక్క వేయడం మొదలుపెట్టాను. వెయ్యి బీడీలకు ఇద్దరికీ కలిపి పది గంటలు. ఆకు కత్తిరించడానికి రెండున్నర. అంటే పావు వంతు ఆమెది, ముప్పావు నాది. తర్వాత వంట, నీళ్ళు, పిల్లకు స్నానం, జ్వరం వస్తే దవాఖానా... వాటిని ఎక్కడ రాయాలో తెలియక ఆపేశాను.

అప్పుడు గుర్తొచ్చింది. మా వాడకట్టులో ఆడపిల్లకు పదేళ్ళు రాగానే బీడీలు చుట్టమని ఒళ్ళో చాట పెడతారు. నేనూ మా పిల్ల కోసం కోరుట్ల అంగడిలో ఒక చిన్న చాట కొన్నాను. అత్తమ్మ దాన్ని తీసుకుపోయి మిరపకాయలు ఎండబోసింది.

"నాతోటి నీతోటి ఆగాలె గీ పని. దీని చేతిల పెన్నే ఉండాలె" అంది.

"ఇల్లు ఎట్ల నడుస్తదత్తమ్మా?"

"పిల్ల సుట్టే పన్నెండు కట్టలు నేను సుడ్త తియ్యి."

అప్పటికి ఆమె ఆకు కత్తిరించడం వరకే చూసుకునేది. మళ్ళీ చుట్టడానికి కూర్చుంది. పన్నెండు కట్టలంటే మూడు వందలు. ఏడాదికి మూడు వందల రోజులు, ఎనిమిదేళ్ళు.

అత్తమ్మ బ్యాంకు పుస్తకం ఇచ్చిన సాయంత్రమే కూతురు తెల్ల కోటు ఇస్త్రీ చేసుకుంటుంటే చెప్పాను. "ఏడు లక్షల ఇరవై వేల బీడీలు నువ్వు సుట్టలేదు బిడ్డా. నీ బదులు బాపమ్మ సుట్టింది."

"నేను సుట్టనన్ననా? మీరే వద్దన్నరు" అంది.

పిల్ల చెప్పింది నిజమే. పని తెలియకుండా పెంచాలని మేమే అనుకున్నాం. ఆ పని ఎంతో దానికి తెలియదని ఇప్పుడు మేమే నొచ్చుకుంటున్నాం.

అది కోటు రెండో చెయ్యి ఇస్త్రీ చేసింది. తర్వాత అడిగింది. "మూడు వందలకు ఎంతసేపు పడ్తది?"

"నాకు మూడు గంటలు. బాపమ్మకు నాలుగున్నర."

"ఆమె చేతి ఏళ్ళు గట్లెందుకు వంగినయని మా మేడంను అడిగిన. వయసుతోటి అన్నది." ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి బయటికి వెళ్ళింది.

అరుగు మీద అత్తమ్మ గోడకేసి కూర్చుని ఉంది.

"బాపమ్మా, నలభై రెండు వేలు గావాలె. ఇస్తవా?"

"మీ అమ్మనడుగు. ఆమె పైసలేనాయె."

"అడిగిన. నీ పైసలే అన్నది."

లోపల కోటు మడతపెడుతూ విన్నాను, పిల్ల నన్ను అడగనే లేదు. "ఊకనే ఇయ్య" అంది అత్తమ్మ.

"మరేం జెయ్యాలె?"

"సూది నొప్పి లేకుంట ఏసుడు నేర్చుకో. దవాఖాన్ల మీ అసొంటి పోరగాళ్ళు గడ్డపార దింపినట్టు దింపుతరు."

ఇద్దరూ నవ్వారు. మా పిల్ల తప్పయిందని అనలేదు. మా ఇంట్లో ఆ మాట అనడం ఎవరికీ అలవాటు లేదు.

మిగిలిన డబ్బులో సగం నా ఖాతాలో వేస్తానని అత్తమ్మ పట్టుబట్టింది. వద్దన్నాను. నా కూతురు పన్నెండేళ్ళకు ఏం చేసిందని ఎవరైనా అడిగితే, ఏడో తరగతి చదివిందని చెప్పగలను. మా అమ్మ నా గురించి ఆ మాట చెప్పలేకపోయేది. ఆమెకు చెప్పాలని లేక కాదు, ఆమె ఇంట్లో పన్నెండు కట్టలు తన మీద వేసుకునే మరో మనిషి లేదు. నాకు ఉంది.

మర్నాడు ఇద్దరూ కలిసి జగిత్యాల బస్సెక్కారు. ఫీజు తీసుకునే అతను రసీదు రాస్తూ, "ఎవరు గడ్తున్నరమ్మా?" అని అడిగాడట. "మా బాపమ్మ" అందట పిల్ల.

ఈ సంగతి నాకు కూతురు చెప్పలేదు, అత్తమ్మ చెప్పింది. నాకంటే ముందు, బస్టాండు నుంచి ఇంటికి వచ్చే దారిలో, ఆరుగురికి చెప్పింది. తర్వాత అందరినీ అడిగి లెక్కపెట్టాను.