బిడ్డ తల మీద ఒట్టు

మిర్యాలగూడ వీధుల్లో స్కూటర్ మీద పోతూ, గుంత రాగానే సీటు మీంచి లేచి నిలబడేవాడు మా బావ. వెనక కూర్చున్న అక్క సిగ్గుపడి, "జర కూసోండ్రి, మంది సూస్తున్నరు" అనేది.

ఆయన మట్టి ట్రాకుల మీద మోటార్‌సైకిల్ పందేలు తోలినవాడు; గుంతల్లో లేచి నిలబడటం అక్కడి అలవాటే. కోదాడ నుంచి మా ఇంటికి ఇల్లరికం వచ్చాక కూడా పూనా, కోయంబత్తూరు దాకా వెళ్లి తోలాడు. ఎనభైల చివర్లో ఒక మిట్ట మీంచి ఎగిరి పడి భుజం విరిగింది. దవాఖానలో మా నాయిన బావ పసికూతుర్ని తెచ్చి ఆయన పక్కన పడుకోబెట్టి, "ఇగ పందేలకు పోనని దీని తల మీద ఒట్టెయ్యి" అన్నాడు. బావ బాగున్న చేత్తో ఒట్టేశాడు.

తర్వాత మా రైస్‌మిల్లులో కాంటా దగ్గర కూర్చున్నాడు. కొన్నేళ్లకు హైదరాబాద్ నుంచి పందేల టీం మనిషి వచ్చి, "కొత్త బండి తయారుగా ఉంది, నువ్వొస్తే చాలు" అన్నాడు. భుజం ఎప్పుడో బాగైంది. అయినా బావ, "చెయ్యి పైకి లేవట్లేదండీ" అని అబద్ధం చెప్పాడు.

ఆ మనిషి వెళ్లాక మా నాయిన దగ్గరికి వచ్చాడు.

"మామయ్యా, ఆ ఒట్టు తీసెయ్యండి. ఒక్క ఏడాది తోలి వచ్చేస్తాను."

"తీసెయ్యనీకి అది నాదా? నీ బిడ్డ తల మీద నువ్వేసినవ్. పోతే పో, నేను ఆపుతున్ననా?"

నిజమే, ఆయన ఆపలేదు.

బావ బిడ్డను స్కూటర్ మీద ముందు నిలబెట్టుకుని, మిల్లు ఆవరణలో ఆరబోసిన వడ్ల చుట్టూ మనిషి నడిచినంత మెల్లగా తిప్పసాగాడు.

"జోరుగ తోలు డాడీ, ఇంకా జోరుగ!" అని అది అరుస్తూనే ఉంది.