పిడుదుల మేడమ్

అమీర్‌పేట హాస్టల్లో అమ్మాయిలంతా కంప్యూటర్ కోచింగులకు పరుగెత్తితే, సుమలత చిన్న పట్టకారు, సీసాలు సంచిలో వేసుకుని బోరబండ పశువుల కొట్టాలకు పోయేది. పశువుల రక్తం పీల్చి జ్వరాలు అంటించే పిడుదుల జన్యువులను పరిశీలించి, వాటిని అడ్డుకునే టీకా కోసం వెతికే ల్యాబులో ఆమె ఉద్యోగం. ఆవు చెవి మడిచి, ఒక్కో పిడుదునూ తల తెగకుండా ఓపికగా లాగేది. ఒకరోజు, పాలమ్ముకునే రాజమణి ఆవు చెవుల నిండా పిడుదులే కనిపించాయి. దాని ఒళ్లు జ్వరంతో కాలిపోతోంది.

"ఇన్నెందుకు ఉంచినవ్ అక్కా?"

"నీకోసమే మేడమ్. పోయినసారి తక్కువ దొరికినయని బాధపడితివి గదా. వారం సంది ఒక్కటి సుత పీకలే."

సుమలతకు మెచ్చుకోవాలో, తిట్టాలో, క్షమించమనాలో తోచలేదు. పశువుల డాక్టరుకు ఫోన్ చేసి, ఆవు పక్కన కూర్చుంది. మొదటి పిడుదును లాగాక, సీసాలో వెయ్యాలో చెప్పుకింద నలపాలో తెలియక అలాగే పట్టుకుంది.

"వేస్కో మేడమ్, అన్నీ నీయే," అంది రాజమణి.