పని ఎవులికి సెప్పేవు?

మా వదినది కె.కోటపాడు. చోడవరంలో మాతో ఉన్నన్నాళ్లూ ఆవిడ నోట తరచూ విన్న మాట ఒకటే: "పని ఎవులికి సెప్పేవో సూడు ముందు."

ఆ మాట కంప్యూటర్ దగ్గర పుట్టింది. కొత్త ల్యాప్‌టాప్‌లో ఆవిడ కారు రేసులు ఆడేది. మలుపు వచ్చేసరికి బొమ్మ ఆగి ఆగి కదిలేది. గ్రాఫిక్స్ కార్డు చాలడం లేదని అన్నయ్య తీర్పు చెప్పేశాడు. వదిన ఒప్పుకోలేదు. ఈ ప్రాసెసర్‌లో కోర్లనే పనిచేసే భాగాలు రెండు రకాలని, బరువు పనులకు పెద్ద కోర్లు, చిల్లర పనులకు చిన్న కోర్లు ఉంటాయని, ఏ పని దేనికివ్వాలో ఆపరేటింగ్ సిస్టమ్ చూసుకుంటుందని ఇంటిల్లిపాదికీ చెప్పింది. తీరా చూస్తే అది ఆటను చిన్న కోర్లకు అప్పజెప్పింది. వదిన సెట్టింగ్ మార్చి పెద్ద కోర్లకు ఇచ్చింది. ఆ తర్వాత కారు ఎక్కడా ఆగలేదు.

ఒక ఆదివారం చర్చి నుంచి చుట్టాలు మా ఇంటికొచ్చారు. అప్పటికి వదిన ఆన్‌లైన్ పోటీలో ఫైనల్ ఆడుతోంది. అన్నయ్య మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు.

"ఒసే అమ్మా, టీ పెట్టవే," అని అమ్మ కేకేసింది.

వదిన తెర మీంచి చూపు తిప్పలేదు. "అత్తా, పెద్ద కోరు పన్లో ఉంది. సిన్న కోరు మంచం మీద కాళీగా ఉంది. పని ఎవులికి సెప్పేవో సూడు."

చుట్టాలు పగలబడి నవ్వారు. అన్నయ్య లేచి వంటింట్లోకి వెళ్లి, టీపొడి డబ్బా ఎక్కడుందని అడిగాడు.

అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఆడు సిన్న కోరేం కాదే," అంది. "నేనే ఎప్పుడూ ఆడికి పని సెప్పలేదు."