లూజ్ కాంటాక్ట్ దానియేలు

దానియేలుకి ఈ లోకంలో తెలిసిన జబ్బు ఒక్కటే. దాని పేరు లూజ్ కాంటాక్ట్. రేడియో మూగబోయినా, టీవీలో బొమ్మ వణికినా, మిక్సీ తిరగనని మొరాయించినా, ఆఖరికి కాశీబుగ్గ బస్టాండులో మందస బస్సు స్టార్టవకపోయినా ఆయన తీర్పు మారదు. చేతిలో ఉన్న టెస్టర్‌తో బల్ల మీద టకటకమనిపించి, "మరేటీ నేదు. లూజ్ కాంటాక్టు" అనేసేవాడు.

మనుషులకీ అదే వైద్యం. లోకనాథం కొడుకు ఇంటర్ తప్పితే, పుస్తకానికీ బుర్రకీ మధ్య లూజ్ కాంటాక్ట్ అన్నాడు. భార్య నయోమి ఒకరోజు పులుసులో ఉప్పు మరిచిపోతే, "సేతికీ ఉప్పు డబ్బాకీ లూజ్ కాంటాక్టు" అని లొట్టలేసుకుంటూ తినేశాడు. "నీ నాలిక్కే ఉన్నాది, అందుకే రుసి తెలీదు" అంది నయోమి. ఆయన ఆ మాటకి కూడా తలూపాడు. అదీ సాధ్యమేనన్నట్టు.

పలాస, కాశీబుగ్గల మధ్య రైలు గేటు పక్కన, జీడిపప్పు కొట్ల వరసలో ఉండేది ఆయన దుకాణం. లోపల ఒక బల్ల, ఒక స్టూలు, మిగతా చోటంతా విప్పదీసిన టీవీలు. జీడిపిక్కలు కాల్చే పొగ, టంకం పొగ కలిసి అక్కడ ఒక వింత వాసన ఉండేది. మేనకోడలి వరసయ్యే షైనికి చిన్నప్పుడు ఆ వాసన ఎంత ఇష్టమో, దానియేలు మావయ్య తెలివితేటల మీద అంత అనుమానం. ఎందుకంటే ఆయన అంత గుడ్డి మెకానిక్ జిల్లా మొత్తంలో ఉండడని ఆమె కళ్లారా చూసింది.

ఒకసారి చేపలమ్మే బొడ్డమ్మ రేడియో పట్టుకొచ్చింది. అది రెండు చెక్కలైతే గుడ్డపీలికతో కట్టి తెచ్చింది. వెనకాలే ఆమె మొగుడు, నుదుటి మీద నిమ్మకాయంత బొప్పితో.

"ఏటైనాది బొడ్డమ్మా?"

"ఏటీ అవనేదు బాబూ. పలుకుతా పలుకుతా మానేసినాది."

దానియేలు రేడియో వైపు చూశాడు. బొప్పి వైపు చూశాడు. "లూజ్ కాంటాక్టు" అన్నాడు.

ఇంకోసారి తిరుమలరావు గారి టీవీ వచ్చింది. ఆయన ఊళ్లో పెద్ద రైతు, పంచాయతీ రాజకీయాల్లో ఆరితేరినవాడు, క్రికెట్ పిచ్చివాడు. మన జట్టు ఓడిపోయిన మర్నాడు పొద్దున్నే ఆ టీవీ దుకాణానికొచ్చింది. పెట్టె మీద చెప్పు అచ్చు, అడుగున ఉండే గీతలతో సహా, చక్కగా పడి ఉంది. దానియేలు తడిగుడ్డతో ఆ అచ్చు శుభ్రంగా తుడిచి, దగ్గరగా వంగి చూసి, లూజ్ కాంటాక్టన్నాడు. తిరుమలరావు గారు తువ్వాలుతో మొహం తుడుచుకుని, "నానూ అదే అనుకున్నానయ్యా" అన్నాడు.

అలాంటివాడి దగ్గరికి తన ల్యాప్‌టాప్ వెళ్తుందని షైని ఏనాడూ అనుకోలేదు.

రెండువేల ఏడులో ఆమె టెక్కలిలో ఎంసీఏ ఆఖరి ఏడాది చదువుతోంది. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్న అన్న ఆరోన్ ఆమెకో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనిచ్చాడు. పీటంత బరువు. ఒళ్లో పెట్టుకుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. అయినా ఊళ్లో అదొక్కటే ల్యాప్‌టాప్ కాబట్టి షైని దాన్ని పాత చీర ముక్కలో చుట్టి, చంటిపిల్లని మోసినట్టు కాలేజీకి మోసేది. ప్రాజెక్టు చూపించాల్సిన రోజులు దగ్గర పడ్డాక దానికి తెగులు పట్టింది. తెర ఉన్నట్టుండి రెపరెపలాడేది. కాసేపు వెలిగి, అంతలో మసకేసి, అక్షరాలు పొగమంచులో మనుషుల్లా కనబడేవి.

ఆదివారం ఇంటికొచ్చిన ఆరోన్ దాన్ని చూస్తూనే, "పడేసినావు" అన్నాడు.

"నేను పడెయ్యలేదు. నీకే పాడైపోయిన సరుకు అంటగట్టారు."

"నానేటి కళ్లు మూసుకుని కొన్నానా?"

"కళ్లు తెరిస్తే ఇది ఎందుకు కొంటావు?"

ఆ మాట ఆరోన్‌కి తగలరాని చోట తగిలింది. పండక్కి చొక్కా కూడా కుట్టించుకోకుండా కొన్న వస్తువది. భోజనం ముందునుంచి లేచిపోయాడు. షైని కూడా తినలేదు. వాళ్ల నాన్న రూబెన్ జీడిపప్పు ఫ్యాక్టరీలో పని చేసేవాడు. మామూలుగా ఇంట్లో గొంతు లేస్తే అందరికంటే పెద్ద గొంతు ఆయనదే. ఆవేళ మాత్రం తలొంచుకుని ఒట్టి అన్నం కలుపుతూ కూర్చున్నాడు. చివరికి, "దానియేలు బావకి సూపిద్దాం" అన్నాడు.

"ఆయనకేం తెలుసు నాన్నా, టీవీలు బాగుచేసే ఆయనకి?"

"తెరే కదమ్మా పోనాది."

మర్నాడు ఆరోన్ రైలెక్కాలి. ముగ్గురూ ఒకే బస్సులో కాశీబుగ్గ వచ్చారు. అన్నాచెల్లెళ్లు చెరో కిటికీలోంచి ఉద్దానం కొబ్బరితోటలు చూస్తూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. మధ్యలో రూబెన్, ఒళ్లో ల్యాప్‌టాప్.

దానియేలు అప్పటిదాకా ల్యాప్‌టాప్ విప్పి ఎరగడు. ఆ మాట దాచలేదు కూడా. "నువ్వు సదువుకున్నావు, నాకు తెలీదు. నువ్వు సెప్పు, నాను సేత్తాను" అన్నాడు షైనితో. ఆమె తెర వెలుగు పెంచే మీటలు చూపించింది. పెంచితే వెలిగి, మళ్లీ మసకేసింది. చార్జర్ పెట్టి చూశారు, తీసి చూశారు. తేడా లేదు. పక్కనే ఇంటర్నెట్ సెంటర్ నడిపే గోవిందరావుని అడిగి ఒక మానిటర్ తెచ్చి తగిలించారు. దాని మీద బొమ్మ స్పష్టంగా, కదలకుండా నిలబడింది.

"అంటే లోపలంతా బాగానే ఉంది మావయ్యా. తేడా ఈ మూతలోనే" అంది షైని.

దానియేలు మసకేసిన తెర మీద టార్చిలైటు వేసి, ముక్కు ఆనేంత దగ్గరగా చూశాడు. "బొమ్మ ఉన్నాది. ఎనకాల దీపానికే కరెంటు సరిగా అందట్నేదు" అన్నాడు. తర్వాత మూతని నెమ్మదిగా ముందుకీ వెనక్కీ వాల్చాడు. ఒకచోట తెర భగ్గున వెలిగింది. ఇంకాస్త వాలిస్తే ఆరిపోయింది. జబ్బు మూత కీలు దగ్గరుందని ఇద్దరికీ ఒకేసారి అర్థమైంది.

అప్పుడు ఆయన టార్చి కీలు పక్కన ఆగిపోయింది. ఆ మూల ప్లాస్టిక్ నెర్రెబారి ఉంది. ఆ సందులోంచి దేన్నో గోటితో పైకి తీసి, ఉఫ్‌మని ఊదేసి, తలెత్తి రూబెన్ వైపు చూశాడు. రూబెన్ జన్మలో రైలు చూడనివాడిలా గేటు వైపు చూస్తున్నాడు.

"లూజ్ కాంటాక్టు" అన్నాడు దానియేలు.

ఆరోన్ ఊరుకోలేదు. "ఆ మూల పగిలుంది సూడు మావయ్యా. పడెయ్యకుండా అలగెలా పగులుద్ది?"

"అది ఉప్పుగాలి బాబూ. మన ఉద్దానం గాలికి ఇనుమే నిలబడదు, పలాస్టీకెంత? నువ్వు కొన్నది మంచి సరుకే. నీ సెల్లి సూసుకున్నదీ బాగానే. మద్దిలో తీగ ఒదులైపోనాది, అంతే."

అంత పచ్చి అబద్ధం అంత నిబ్బరంగా చెప్పడం షైని అంతకుముందు వినలేదు. కానీ అప్పుడది ఆమెకి అబద్ధంలా తోచలేదు. అదిగో, మళ్లీ గుడ్డితనం అనుకుంది. దానియేలు మూత విప్పి, తీగని దాని గూట్లోకి నొక్కి, చిన్న టేపు ముక్క అంటించి, కీలు మరలు బిగించాడు. తెర వెలిగింది. రెపరెపలు లేవు.

తప్పు ఎవరిదీ కాదని తేలాక పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. ఆరోన్ స్టేషన్‌కి వెళ్లిపోయాడు. రైలు కూత వినబడగానే షైని ఎదురు కొట్లో వేయించిన జీడిపప్పు పొట్లం కొని, పరిగెత్తుకెళ్లి కిటికీలోంచి అన్న చేతిలో పెట్టింది. "ప్రాజెక్టు బాగా సెయ్యి" అన్నాడు ఆరోన్. ఆమె ప్రాజెక్టు బాగానే అయింది.

ఆ ఏడాది చర్చిలో కోతపండుగ నాడు, గుమ్మడికాయలూ కొబ్బరిగెలలూ వేలం వేసేముందు, పాస్టరు గారు, మనసులో ఉన్నది అందరి ముందూ విప్పి సాక్ష్యం చెప్పేవాళ్లు చెప్పండన్నారు. ఎన్నడూ నోరు విప్పని రూబెన్ లేచాడు.

"మా పాప లేప్‌టాప్ నాను పడేసినాను. పిల్ల అంతసేపూ అందులో ఏటి సూత్తాదో నానూ సూద్దామని, పని నుంచి వచ్చి, సేతులైనా కడక్కుండా తెరిసినాను. మోకాలి మీంచి జారిపోనాది. పిల్లలు తగువులాడుకుంతంటే నోరు రానేదు. కీలు సందులో జీడిపప్పు పొర సూసినాడు మా బావ. సూసి ఊదేసినాడు."

షైని తండ్రి వైపు చూసింది. కోపం వస్తుందేమోనని కాసేపు ఎదురు చూసింది. రాలేదు. మోకాళ్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని, ఏ మీట నొక్కాలో తెలీక కూర్చున్న నాన్న కళ్లకి కట్టి, నవ్వొచ్చింది.

అంతలో ఆడవాళ్ల వైపు నుంచి బొడ్డమ్మ లేచింది. "ఆ రేడియో నానే ఇసిరినాను. తగలాల్సినోడికే తగిలినాది" అంది. ఆమె మొగుడు తల తడుముకుంటూ ఆమేన్ అన్నాడు. వేలంలో గుమ్మడికాయ కోసం వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్న తిరుమలరావు గారు గొంతు సవరించుకుని, "మాది మీ సంఘం కాదు గాని, నాదీ ఒకటున్నాది" అని మొదలెట్టాడు. చివరికి పాస్టరు గారే, పోయిన క్రిస్మస్‌కి మైకు ఎందుకు పలకలేదో చెప్పక తప్పలేదు. వైరు తన కాలికే చుట్టుకుని ఊడిపోయిందట. ఇన్నాళ్లూ ప్రతివాడూ దానియేలు కళ్లుగప్పింది తానొక్కడేనని అనుకున్నాడు.

దానియేలు జనరేటర్ చూసి వస్తానని బయటికి జారుకున్నాడు. షైని వెనకే వెళ్లింది.

"అన్నీ తెలిసే అలా అనేవాడివా మావయ్యా?"

"బాగుసెయ్యమని తెత్తారు గాని, తప్పు తేల్చమని ఎవుడు తెత్తాడమ్మా?" అన్నాడు ఆయన, జనరేటర్ మీంచి కళ్లెత్తకుండా.

ఆ మరుసటి వారం షైని దుకాణం ముందునుంచి వెళ్తూ ఆగిపోయింది. లోపల నిలబడ్డానికి చోటు లేదు. పాడైన సామాన్లతో వచ్చిన ప్రతివాడూ, ఇంక దాచి లాభం లేదని, అది ఎలా పాడైందో వెనకటి తగువులతో సహా చెప్పుకుంటున్నాడు. నయోమి అందరికీ టీ ఇస్తోంది. బల్ల మీద పోలారావు గ్రైండరు సగం విప్పి ఉంది. పోలారావు ఇంకా తన తోడల్లుడి గురించే చెప్తున్నాడు.

"సూడమ్మా మీ నాన్న సేసిన పని. పొద్దున్నుంచి ఒక్క మర తిప్పనియ్యట్నేదు" అన్నాడు దానియేలు నీరసంగా.

షైని ఆయన చేతిలోంచి స్క్రూడ్రైవర్ తీసుకుని, గ్రైండర్‌ని తన వైపు లాక్కుంది. దానియేలు కాసేపు ఆమె చేతుల వైపే చూశాడు. తర్వాత స్టూలు పోలారావు వైపు తిప్పుకుని, చేతులు తుడుచుకుని, టీ గ్లాసు అందుకున్నాడు.

"సెప్పు పోలారావూ" అన్నాడు. "మొదట్నుంచి సెప్పు."