పుప్పాలగూడ చేరని లైవ్ పాట

మా చెల్లెలు స్వప్న పాట పాడి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడితే, అది చూసి ఒక కార్ల కంపెనీ వాళ్లు కబురు పెట్టారు. ఆ కబురే ఈ ప్రయాణానికి కారణం. మాదాపూర్ నుంచి పుప్పాలగూడ దాకా కొత్త కారులో వెళ్తూ తను పాడాలి, వాళ్లు దాన్ని లైవ్‌లో చూపిస్తారు. హైటెక్ సిటీ వైపు ఇలాంటి ప్రచారాలకు ఈమధ్య చాలామందిని పిలుస్తున్నారు. వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

శనివారం పొద్దున ఏడింటికి నల్లగండ్లలో క్యాబ్ ఎక్కాం. ఆ వేళకు రోడ్లు ఖాళీగా ఉంటాయి కాబట్టి అరగంటలో మాదాపూర్ షోరూమ్‌కు చేరాం. క్యాబ్‌కు రెండు వందల యాభై రూపాయలు అయింది. కంపెనీ తరఫున వచ్చిన మాధవిగారు కారు తలుపు తీసి చూపించారు. "అద్దాలు మూస్తే బయటి చప్పుడు లోపలికి రాదండి. జనానికి అదే తెలియాలి," అన్నారు. కారు నడిపేది కిరణ్, రీల్స్‌తో పేరు తెచ్చుకున్నవాడు. స్టీరింగ్ పక్కనే ఫోన్ బిగించుకున్నాడు.

"నడుపుకుంట ఫోన్ చూస్తవా తమ్ముడూ?" అని అడిగాను.

"ఫికర్ చెయ్యకు అక్కా, రోజూ చేసేదే."

ముందు సీట్లో స్వప్న, వెనక నేను కూర్చున్నాం. మైండ్‌స్పేస్ కూడలి దాటగానే లైవ్ మొదలైంది, మ్యూజిక్‌తో పాటు స్వప్న పాట అందుకుంది. స్పీకర్ల మోతకు నా సీటు అదిరింది. కిరణ్ కళ్లు రోడ్డు మీదకంటే కామెంట్ల మీదే ఎక్కువగా ఉన్నాయి. ముందున్న బస్సు ఆగితే, మా కారు దానికి జానెడు దూరంలో ఆగింది. అయినా, స్వప్నకు దొరికిన మొదటి అవకాశం పాడవుతుందేమోనని ఊరుకున్నాను.

గచ్చిబౌలి దాటాక ఎందుకో వెనక్కి తిరిగాను. వెనక అద్దం నిండా అంబులెన్స్. పైన దీపం తిరుగుతోంది. డ్రైవర్ చెయ్యి బయటపెట్టి ఊపుతున్నాడు, నోరు కదులుతోంది. చప్పుడు మాత్రం లేదు. "పక్కకు తియ్యి!" అని అరిచాను. ఆ మోతలో నా అరుపు నాకే వినిపించలేదు. కిరణ్ భుజం పట్టుకోబోతే సీటు బెల్టు వెనక్కి లాగేసింది.

అప్పుడే స్వప్న తన పక్క అద్దంలో చూసినట్టుంది. పాట మధ్యలో ఆపేసి, చెయ్యి చాచి మ్యూజిక్ కట్టేసి, కిటికీ దించింది. సైరన్ ఒక్కసారిగా కారంతా నిండింది. "అంబులెన్స్! జర పక్కకు తియ్యి!" అని అరిచింది.

కిరణ్ ఉలిక్కిపడి ఎడమకు తిప్పాడు. అంబులెన్స్ మమ్మల్ని దాటుతుంటే, లోపల ఎవరో సెలైన్ సీసా పైకెత్తి పట్టుకుని కనిపించారు. కారు పక్కకు ఆపాక కిరణ్ అంబులెన్స్ పోయిన వైపే చూశాడు. "ఎంతసేపటి సంది మన ఎనకున్నదో..." అన్నాడు.

"లైవ్ బంద్ చెయ్. ఇగ నేను పాడ," అంది స్వప్న.

ఇంతలో మాధవిగారు ఫోన్ చేశారు. "బాగా వచ్చిందండి, చివరి ముక్క తీసేసి పెట్టేస్తాం."

"ఆ ముక్క తీసేస్తే నా పాట గూడ తీసెయ్యాలె మేడం," అంది స్వప్న. సాయంత్రానికి మొత్తం వీడియోనే తీసేశారు. మళ్లీ వాళ్లు పిలవలేదు.

అంబులెన్స్‌లో ఉన్నవాళ్లు దవాఖానకు సమయానికి చేరారో లేదో మాకు తెలియదు, ఇక తెలిసే దారీ లేదు. ఇప్పుడు ఏ కారు ఎక్కినా, బయటి చప్పుడు వినిపించకపోతే నాకు భయమేస్తుంది. మీకూ ఇలాంటి పిలుపు వస్తే ఒక్క మాట: లైవ్ నడిపే ఫోన్ ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడగండి. కారు నడిపేవాళ్ల దగ్గరే అంటే ఎక్కకండి.